పిల్లలు ఎగరాలంటే ముందు కాళ్ళలో బలం ఉండాలి



ఈ పేజీలో బి.పి. గురించో, షుగరు గురించో కాక గెంతడం గురించి రాస్తున్నామంటే కొందరికి నవ్వు రావచ్చు. కానీ మోకాలి నొప్పితో మా ఫిజియోథెరపీ గదికి వచ్చేవారిలో తాతలు, అమ్మమ్మలే కాదు, పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలూ ఉంటున్నారు. వారిలో చాలామంది కింద పడలేదు, దెబ్బా తగల్లేదు. వాలీబాల్ ఆడేవారు, స్కూల్లో లాంగ్‌జంప్, హైజంప్‌లకు తయారవుతున్నవారు, షటిల్ కోచింగ్‌కు వెళ్ళేవారు. వారికంటే కాస్త పెద్దవారు కూడా వస్తున్నారు. పోలీసు ఉద్యోగానికి ఈవెంట్స్ ప్రాక్టీసు చేస్తూ కుంటుకుంటూ వచ్చే యువతీ యువకులు వీరు. అందరి మాటా ఒకటే: "ఇంకొంచెం ఎత్తు ఎగరాలని చేస్తున్నామండీ, ఇంతలో నొప్పి పట్టుకుంది."

ఈ విషయంలో మన ఇళ్ళలోను, ఆటస్థలాల్లోను రెండు అభిప్రాయాలు బలంగా నాటుకుపోయి ఉన్నాయి. ఒళ్ళు ఎంత సాగితే అంత ఎత్తు ఎగురుతారు, కాబట్టి పిల్లల్ని బాగా వంచాలి, సాగదీయాలి అనేది ఒకటి. నొప్పి వచ్చిందంటే ఆ పిల్లకు ఆట పడదు, మానిపించేయాలి అనేది రెండోది. మొదటిది ఎక్కువగా ఆట నేర్పేవారి మాట, రెండోది ఇంట్లో పెద్దల మాట. ఈ రెండింటితోనూ మేము ఏకీభవించము. ఎందుకో కాస్త వివరంగా చెబుతాము.

నిలబడిన చోటు నుండి పైకి గెంతే పిల్లవాణ్ణి గమనించండి. ముందు చటుక్కున కిందికి వంగుతాడు. తుంటి, మోకాలు, చీలమండ మూడూ ముడుచుకుంటాయి. ఆ వెంటనే మూడూ ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటాయి, చేతులు పైకి ఊగుతాయి, చివరికి కాలివేళ్ళు నేలను తన్ని వదులుతాయి. తుంటిని తెరిచేవి పిరుదుల కండరాలు, మోకాలిని చాపేవి తొడ ముందు కండరాలు, చీలమండను తన్నించేవి పిక్కలు. ఇవి నేలను ఎంత గట్టిగా, ఎంత త్వరగా తన్నగలవన్న దాన్ని బట్టే ఎగిరే ఎత్తు ఉంటుంది. బలం ఒక్కటే చాలదు, ఆ బలం వేగంగా రావాలి. మూటలు మోసే మనిషికి కాళ్ళలో బోలెడంత బలం ఉన్నా గెంతమంటే ఎక్కువ ఎత్తు గెంతలేకపోవడం మీరు చూసే ఉంటారు. చేతులను తేలిగ్గా తీసుకోకండి. వాటి ఊపువల్ల ఎత్తు సుమారు పదో వంతు పెరుగుతుంది. నమ్మకం లేకపోతే చేతులు నడుముకు పెట్టుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి గెంతి చూడండి.

ఇక ముందుగా కిందికి వంగడం దేనికి? మడమ వెనక గట్టిగా తాడులా చేతికి తగిలేదాన్ని మన వాళ్ళు 'నరం' అంటారు. అది నరం కాదు. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే టెండన్. చటుక్కున వంగినప్పుడు కండరాలతోపాటు ఇలాంటి టెండన్లు కొద్దిగా సాగి, రబ్బరు బ్యాండులా శక్తిని దాచుకుని, పైకి లేచేటప్పుడు తిరిగి ఇచ్చేస్తాయి. వంగి అక్కడే రెండు మూడు సెకన్లు ఆగి గెంతితే ఆ శక్తి చాలావరకు పోతుంది, ఎత్తు తగ్గుతుంది. దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. గెంతేవారికి కావలసింది తెల్లారగట్ట పూలదండలా మెత్తగా వేలాడే శరీరం కాదు. సాగి వెంటనే వెనక్కి లాగగల బిగువు ఉన్న శరీరం. బిగువు అంతా పోగొట్టే సాగదీత వల్ల గెంతేవారికి మేలు లేదు.

అలాగని కీళ్ళు వంగనక్కరలేదని మేము అనడం లేదు. కీలు కావలసినంత వంగకపోతే ఎంత బలమున్నా ఉపయోగం లేదు. గెంతే పిల్లల్లో మేము ముందుగా చూసేది చీలమండ. మడమ నేలకు ఆనించే ఉంచి మోకాలిని ముందుకు ఎంత దూరం వంచగలరు? ఇది ఇంట్లోనే చూడవచ్చు. గోడకు ఎదురుగా, చెప్పులు లేకుండా, ఒక పాదాన్ని బొటనవేలు గోడకు సుమారు పది సెంటీమీటర్ల దూరంలో, అంటే పెద్దవాళ్ళ అరచేతి వెడల్పుకంటే కొంచెం ఎక్కువ దూరంలో పెట్టించండి. మడమ లేవకుండా మోకాలు గోడకు తగలాలి. చిన్న పిల్లలకు పాదం చిన్నది కాబట్టి కొంచెం తక్కువైనా పరవాలేదు. రెండు కాళ్ళకూ బాగా తేడా ఉన్నా, మడమ లేస్తే తప్ప మోకాలు అందకపోయినా ఆ చీలమండ బిగుసుకుపోయిందని అర్థం. అలాంటి పిల్లలు వంగబోతే మడమలు లేస్తాయి, పాదం లోపలికి వాలుతుంది, దానితోపాటు మోకాలూ లోపలికి పోతుంది. దిగేటప్పుడు చీలమండ తీసుకోవలసిన బరువును మోకాలు తీసుకుంటుంది. నొప్పి మోకాలిలో ఉంటుంది, కారణం ఒక అడుగు కిందుంటుంది.

మన పెద్దలకు ఈ బాధ తక్కువ. గొంతుకూర్చుని పళ్ళు తోముకోవడం, గొంతుకూర్చుని అంట్లు తోముకోవడం, పొలంలో కలుపు తీయడం, నేలమీద మఠం వేసుకుని భోంచేయడం, అన్నీ చీలమండకు, తుంటికి రోజువారీ వ్యాయామాలే. ఇప్పుడు పిల్లలకు బడిలో బెంచీ, ఇంట్లో సోఫా, భోజనానికి టేబులు, దొడ్డికి కమోడు. పాతకాలమే మంచిదని మేము అనబోవడం లేదు. మోకాళ్ళు అరిగిన అమ్మమ్మకు కమోడు ఎంత మేలో మాకు తెలుసు. అయితే ఆరోగ్యంగా ఉన్న పన్నెండేళ్ళ పిల్లవాడు మడమలు ఆనించి ఒక నిమిషం గొంతుకూర్చోలేకపోతే, ఆటకు పంపే ముందు దాన్ని సరిచేయాలి. రోజూ సాయంత్రం గోడను పట్టుకుని పిక్కను సాగదీయడం, గొంతుకూర్చుని ఏదైనా పని చేయడం కొన్ని వారాలపాటు చేస్తే చాలామందికి సర్దుకుంటుంది.

ఏ ఆటకు ఎంత సాగుదల కావాలన్నది ఆటను బట్టి ఉంటుంది. హైజంప్‌లో వీపు విల్లులా వంచి, తల ముందుగా, కర్ర మీదుగా వెనక్కి పడే పద్ధతిని అమెరికాకు చెందిన డిక్ ఫాస్‌బరీ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో చేసి చూపి, 2.24 మీటర్ల ఎత్తుతో బంగారు పతకం తీసుకున్నారు. ఈనాటి క్రీడాకారులు దాదాపు అందరూ ఆ పద్ధతినే అనుసరిస్తున్నారు. అక్కడ నడుముకూ తుంటికీ మంచి సాగుదల కావాలి. కానీ ఆ విల్లు వంపు గాలిలోకి లేచాక వచ్చేది. నేల నుండి లేపేది మాత్రం ఒక్క కాలి తన్నుడే. క్యూబాకు చెందిన హవియర్ సోటోమయోర్ 1993లో 2.45 మీటర్లు దాటారు. అది మన ఇళ్ళ గుమ్మాలకంటే ఎంతో ఎత్తు, వాలీబాల్ పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లకంటే కూడా రెండు సెంటీమీటర్లు ఎక్కువ. లాంగ్‌జంప్‌లో మన దేశపు అంజూ బాబీ జార్జ్ 2003లో ప్యారిస్ ప్రపంచ పోటీల్లో 6.70 మీటర్లు దూకి కాంస్యం తెచ్చారు. 2023లో తమిళనాడు యువకుడు జెస్విన్ ఆల్డ్రిన్ 8.42 మీటర్లు దూకాడు. లాంగ్‌జంప్‌లో అన్నిటికంటే ముఖ్యం పరుగు వేగం, ఆ వేగాన్ని పోగొట్టుకోకుండా ఒక్క కాలిమీద తన్నగల బలం. కాళ్ళు రెండు పక్కలకూ చాచి నేలకు ఆనించే విన్యాసం లాంగ్‌జంప్‌కు అవసరం లేదు. అది జిమ్నాస్టులకు, నాట్యం చేసేవారికి కావాలి.

అవసరం లేని చోట దాన్నే బలవంతంగా చేయిస్తున్నారు. పిల్లవాడు కాళ్ళు చాచి కూర్చుంటే వెనక ఇంకో పిల్లవాడు వీపు మీద కూర్చుని నొక్కుతాడు. కేకపెడితే "ఓర్చుకో" అంటారు. ఇది మానాలి. కండరం బలవంతాన సాగదని, సాగదీసిన కొద్దీ తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటుందని ఆట నేర్పేవారు గుర్తించాలి. ఎదిగే వయసులో తొడ వెనక కండరం వచ్చి అతుక్కునే తుంటి ఎముక చివర ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. గట్టిగా లాగితే కండరం తెగకుండా ఎముక ముక్కే ఊడి రావచ్చు. అలా జరిగితే నెలల తరబడి ఆట ఉండదు.

సాగదీసే వ్యాయామాలు ఏ వేళ చేయాలన్నదీ ముఖ్యమే. ఒక్కో కండరాన్ని నిమిషానికి పైగా కదలకుండా సాగదీసి పట్టుకుని, వెంటనే గెంతితే ఎత్తు కొంచెం తగ్గుతుందని పరిశోధనలు చాలాసార్లు చూపాయి. తగ్గేది కొద్దిగానే. కానీ పోటీలో సెంటీమీటరు కూడా లెక్కే. అందుచేత ఆటకు ముందు మెల్లగా పరుగు, మోకాళ్ళు ఎత్తి నడక, కాళ్ళు ముందుకు వెనక్కి ఊపడం, చిన్న చిన్న గెంతులు, ఇలా కదులుతూ ఒళ్ళు వేడెక్కించుకోవాలి. నిదానంగా పట్టుకుని సాగదీసేవి ఆట అయ్యాక, లేదా రాత్రి పడుకునే ముందు. అప్పుడు చేస్తే గెంతుకు నష్టమేమీ లేదు.

కొందరు పిల్లలు పుట్టుకతోనే కీళ్ళు వదులుగా ఉన్నవారు. బొటనవేలు వెనక్కి వంచి ముంజేతికి తాకిస్తారు, మోచేతులు, మోకాళ్ళు వెనక్కి వంగుతాయి, కాళ్ళు వంచకుండా అరచేతులు నేలకు ఆనిస్తారు. చూసినవారు "ఎంత ఫ్లెక్సిబులో!" అని మెచ్చుకుని ఇంకా సాగదీయిస్తారు. వీరికి సాగదీత కూడదు. కీలును పట్టి ఉంచే లిగమెంట్లు వదులుగా ఉన్నప్పుడు ఆ పని కండరాలు చేయాలి, అంటే వీరికి అందరికంటే ఎక్కువగా బలం కావాలి. పదే పదే చీలమండ బెణికే పిల్లలు, మోకాలి చిప్ప పక్కకు జారే ఆడపిల్లలు వస్తే మేము తప్పకుండా ఈ వదులు ఉందేమో చూస్తాము.

సరే, బలం ఎలా వస్తుంది? ఇక్కడ మళ్ళీ ఒక భయం ఉంది. బరువులతో, బలం పెంచే వ్యాయామాలతో పిల్లలు పొట్టిగా ఉండిపోతారని అంటారు. సరైన పర్యవేక్షణలో, వయసుకు తగినట్లు చేయించే వ్యాయామం వల్ల ఎదుగుదల ఆగదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన నివేదిక కూడా ఇదే చెబుతోంది. చిన్న పిల్లల్లో కండ పెద్దగా పెరగకుండానే బలం పెరుగుతుంది, ఎందుకంటే ముందు నేర్చుకునేవి నరాలు. ఎక్కువ కండర పోగులను ఒకేసారి పనిలో పెట్టడం నాడీ వ్యవస్థకు అలవాటు అవుతుంది. కాబట్టి అద్దంలో తేడా కనబడలేదని నిరాశపడకూడదు.

దీనికి జిమ్ము అక్కరలేదు. కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా లేచి నెమ్మదిగా కూర్చోవడం, మెట్టు మీదికి ఒక కాలితో ఎక్కి దిగడం, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి నడుము పైకెత్తడం, ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకోవడం, ఇవి చాలు. ఒక్కోటి పది పన్నెండు సార్లు, రెండు మూడు విడతలు, వారంలో రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. సులువైపోయాక పుస్తకాల సంచి భుజాన వేసుకుని చేయవచ్చు. చిన్నపిల్లలకైతే తొక్కుడు బిళ్ళ, తాడాటలను మించినవి లేవు. ఒంటికాలి మీద గెంతి, గీత తొక్కకుండా నిలబడి, వంగి బిళ్ళ తీయడంలో మా ఫిజియోథెరపీ గదిలో నేర్పే చాలా వ్యాయామాలు ఇమిడి ఉన్నాయి. అవి ఆడపిల్లల ఆటలని మగపిల్లలను ఎగతాళి చేయకండి.

గుంజీళ్ళు, కప్ప గంతులు శిక్షగా చేయించే అలవాటు గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. వంద గుంజీళ్ళు, గ్రౌండు చుట్టూ కప్ప గంతులు బలం కోసం కాదు, లొంగదీయడం కోసం. మొదటి పదిహేను సరిగ్గా చేసిన పిల్లవాడు అలసిపోయాక మోకాళ్ళు వంకర పెట్టి, నడుము వంచి చేస్తాడు. శరీరం ఆ వంకరనే నేర్చుకుంటుంది. తర్వాత రెండు రోజులు మెట్లు దిగలేక ఏడ్చే పిల్లల్ని ఇంట్లో చూసినవారికి మేము వేరే చెప్పనక్కరలేదు. అరుదుగానైనా, అలవాటు లేని పిల్లలకు ఇలా వందల్లో చేయిస్తే కండరం చితికి మూత్రం టీ డికాక్షన్ రంగులో రావచ్చు. అది మూత్రపిండాలకు ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి రావాలి. వ్యాయామాన్ని శిక్షగా మారిస్తే పిల్లలు జీవితాంతం వ్యాయామాన్ని అసహ్యించుకుంటారు. పి.ఇ.టి. మాస్టార్లు, టీచర్లు చాలామంది మా మిత్రులే. ఈ మాటను వారు తప్పుగా తీసుకోరని అనుకుంటున్నాము.

అన్నిటికంటే తక్కువగా నేర్పేది దిగడం. ఎంత ఎత్తు ఎగిరారో అందరూ చూస్తారు, ఎలా దిగారో ఎవరూ చూడరు. గెంతి దిగేటప్పుడు శరీర బరువుకు మూడు నాలుగు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ భారం కాళ్ళ మీద పడుతుంది. 40 కిలోల పిల్ల అంటే 120, 160 కిలోలు. దీన్ని కండరాలు పంచుకుంటే మంచిది, లేకపోతే కీళ్ళూ ఎముకలూ మోయాలి. దిగేటప్పుడు ముందు కాలివేళ్ళ వైపు, తర్వాత మడమ ఆనాలి, తుంటి, మోకాలు మెత్తగా వంగాలి, మోకాళ్ళు కాలివేళ్ళ దిక్కుకే ఉండాలి, లోపలికి ఒకదానికొకటి దగ్గర కాకూడదు. తల్లిదండ్రులకు ఒక సులువైన పద్ధతి చెబుతాము. కళ్ళు మూసుకుని వినండి. 'దబ్' మని చప్పుడైతే దిగడం రాలేదు. పిల్లిలా చప్పుడు లేకుండా దిగడం వచ్చేవరకు ఎత్తు పెంచవద్దు.

ఆడపిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. ఈడు వచ్చే వయసులో ఎత్తు, బరువు త్వరగా పెరుగుతాయి, బలం అంత త్వరగా పెరగదు. గెంతి, తిరిగి, దిగే ఆటల్లో మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంటు తెగడం మగపిల్లల్లో కంటే ఆడపిల్లల్లో చాలా ఎక్కువ. దీనికి మందు ఆట మానిపించడం కాదు. ఫిఫా వైద్య నిపుణులు రూపొందించిన '11+' అనే ఇరవై నిమిషాల వార్మప్‌లో మెల్లని పరుగు, కాళ్ళ బలం, ఒంటికాలి నిలకడ, సరిగ్గా దిగడం అన్నీ ఉంటాయి. నార్వేలో 13 నుండి 17 ఏళ్ళ ఫుట్‌బాల్ ఆడపిల్లల మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. ఖర్చు ఏమీ లేదు. పెద్దమనిషి అయిందని గ్రౌండుకు పంపడం మానేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ ఉదాహరణ చెబుతున్నాము. మన పి.వి. సింధు తల్లి, తండ్రి ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు, 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. ఆ తల్లిదండ్రులు ఆడపిల్లకు ఆట ఎందుకు అనుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇప్పుడు నొప్పి సంగతి. ఆడపిల్లలకు సుమారు 11, 12 ఏళ్ళప్పుడు, మగపిల్లలకు 13, 14 ఏళ్ళప్పుడు ఎత్తు చాలా వేగంగా పెరుగుతుంది, ఏడాదికి ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు కూడా. ఎముక ముందు పెరుగుతుంది, కండరం వెనకబడుతుంది. అందుకే నిన్నటిదాకా చక్కగా వంగిన పిల్లవాడు బిగుసుకుపోతాడు, చురుకైన పిల్ల తడబడుతుంది. మోకాలి చిప్ప కింద ఎముక మీద బుడిపెలాగా లేచి, ముట్టుకుంటే నొప్పి పుట్టే సమస్యకు ఆస్‌గుడ్ ష్లాటర్ అని పేరు. గెంతే, పరుగెత్తే పిల్లల్లో ఇది మామూలు. మడమ వెనక అలాంటిదే ఇంకోటి వస్తుంది. ఎదుగుదల పూర్తయ్యేసరికి ఈ నొప్పులు చాలామందిలో వాటంతట అవే పోతాయి. బుడిపె మిగిలిపోవచ్చు, పరవాలేదు. గెంతులు సగానికి తగ్గించి, నొప్పి భరించగలిగినంతలో ఉంటే ఆట కొనసాగించవచ్చు. పూర్తిగా మంచాన పడేస్తే ఉన్న బలం కూడా పోయి, తిరిగి మైదానంలోకి దిగిన మొదటి వారంలోనే నొప్పి మళ్ళీ మొదలవుతుంది.

అందరికీ తెలియవలసింది ఒకటి ఉంది, దీన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి. రాత్రిపూట నిద్రలేపే నొప్పి, ఆట లేని రోజుల్లోనూ పెరుగుతూ పోయే నొప్పి, దెబ్బ లేకుండా వాపు, జ్వరం, బరువు తగ్గడం, కుంటడం, ఇవి ఎదుగుదల నొప్పులు కావు. ఈ వయసులో మోకాలి దగ్గర ఎముకకు గడ్డ రావడం అరుదు, కానీ వస్తుంది. తుంటి కీలులో ఎముక జారినా పిల్లవాడు మోకాలినే చూపిస్తాడు. ఇలాంటి కాలికి నాటు కట్టు కట్టించి, నూనె మర్దనా చేయించి రెండు మూడు నెలలు గడిపేస్తే, చికిత్సతో నయం కావలసింది చేజారిపోవచ్చు. ఒక ఎక్స్‌రే తీయించుకోండి. ఏమీ లేదని తేలితే అందరికీ సంతోషమే.

పోలీసు ఉద్యోగాల సంగతికి వస్తే, తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం లాంగ్‌జంప్‌లో పురుషులు 4 మీటర్లు, స్త్రీలు 2.50 మీటర్లు దూకాలి. ఆరోగ్యంగా ఉండి కొన్ని నెలలు సాధన చేసినవారికి అవి అందరాని దూరాలు కావు. చిక్కు ఎక్కడంటే, ఇంటర్‌లో రెండేళ్ళు, డిగ్రీలో మూడేళ్ళు, ఆ తర్వాత కోచింగ్ సెంటర్లో ఇంకొంతకాలం, గ్రౌండు ముఖం చూడకుండా కూర్చున్న కాళ్ళు ప్రిలిమ్స్ ఫలితాలు రాగానే రోజుకు వంద సార్లు దూకాలి. పిక్క చిట్లడం, ముంగాలి ఎముకలో సన్నని పగులు, మోకాలి చిప్ప కింద టెండన్ నొప్పి ఇలాగే వస్తాయి. ఎన్నో ఏళ్ళ చదువు, ఇంటివారి అప్పు, ఆశ అన్నీ ఆ ఒక్క ఉదయం మీద ఉంటాయి. దరఖాస్తు పెట్టిన రోజునే కాళ్ళ బలం మొదలుపెట్టమని మేము చెప్పేది అందుకే. ఆరు, ఎనిమిది వారాలు బలం, ఆ తర్వాతే గెంతులు. మొదట్లో వారానికి రెండు రోజులు, రోజుకు యాభై, అరవైకి మించకుండా, మెత్తని మట్టిలో గాని ఇసుకలో గాని. సిమెంటు రోడ్డు మీద వద్దు. ఇంటర్ పిల్లలకు రోజూ ఒక గంట ఆటకు విడిచిపెట్టని కాలేజీలకు ఇందులో బాధ్యత లేదంటే మేము ఒప్పుకోము.

తిండి గురించి రెండు మాటలే. పొడులు, డబ్బా ప్రోటీన్లు కొనక్కరలేదు. గుడ్డు, పప్పు, పాలు, పెరుగు, వేరుశనగ, చేప, రాగులు, ఆకుకూరలు ఉంటే చాలు. ఆడపిల్లలకు రక్తం పరీక్ష మాత్రం చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. నాలుగు గెంతులకే ఆయాసపడే పిల్లను బద్ధకస్తురాలని తిట్టే ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూడాలి.

నొప్పి రెండు వారాలకు మించి ఉన్న పిల్లలను ఎముకల విభాగం ఓ.పి.కి తీసుకురండి. మోకాళ్ళు, చీలమండలు కనబడేలా నిక్కరు గాని వదులు పైజమా గాని వేయించండి. ఫుల్ ప్యాంటు మీద నుండి చూసి సలహా చెప్పలేము. ఆడేటప్పుడు తొడుక్కునే బూట్లు కూడా సంచిలో వేసుకుని రండి. వారంలో ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, ఎలాంటి నేల మీద ఆడుతున్నారో పిల్లల చేతనే ఒక కాగితం మీద రాయించండి. తల్లిదండ్రులు చెప్పే లెక్కకూ పిల్లలు రాసే లెక్కకూ చాలా తేడా ఉంటుంది, మాకు పనికొచ్చేది పిల్లలు రాసిందే.